తగ్గేదీ మనమే... పెరిగేదీ మనమే!

బరువు తగ్గడం చాలామందికి చేతనవుతుంది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు! తగ్గిన బరువును నిలబెట్టుకోవడమే ఎవరికీ అంత తేలిగ్గా అంతుపట్టదు. ఈ తగ్గడం-పెరగడం ఆట ఏళ్ల తరబడి సాగితే ఒంటికి ఏమవుతుంది? గుండె ఏమంటుంది? అసలు మళ్లీ ప్రయత్నించాలా, వద్దా? సంగారెడ్డి-పటాన్‌చెరు పారిశ్రామికవాడ కుటుంబాలకు ఈ ప్రశ్నలు మరీ దగ్గరివి.

మొదటివారం రెండు కిలోలు. నెల తిరిగేసరికి నాలుగు. మూడో నెలకు ఏడు! పాత ప్యాంట్లు వదులైపోయాయి. బెల్టుకు కొత్త రంధ్రం పడింది. క్యాంటీన్లో పక్కన కూర్చున్నవాళ్లు ‘ఏందన్నా, మస్తు చిక్కినవ్... ఏం తింటున్నవ్?’ అని అడగడం మొదలుపెట్టారు. అక్కడికి సినిమా సగమే. తర్వాత దసరా వచ్చింది, బంధువుల ఇంట్లో పెళ్లిళ్లొచ్చాయి, నైట్ షిఫ్టు వచ్చింది. ఏడాది గడిచేసరికి పోయిన ఏడు కిలోలూ తిరిగొచ్చాయి. వస్తూ వస్తూ ఇంకో రెండింటిని వెంటబెట్టుకొచ్చాయి!

ఇది ఏ ఒక్కరి కథో కాదు. రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి దాకా ఏ కాలనీలో అడిగినా ఇలాంటిది ఒకటి వినిపిస్తుంది. కొందరిళ్లలో అది భర్త కథ, కొందరిళ్లలో భార్యది. కాన్పు తర్వాత ఒకసారి, పెద్దపిల్ల పెళ్లికి ముందు ఒకసారి, డాక్టరు షుగరు హద్దు మీదుందని చెప్పినప్పుడు ఇంకోసారి... ప్రతిసారీ కొత్త పట్టుదల, కొత్త పథ్యం. ప్రతిసారీ అదే ముగింపు. చివరికి ‘నాకు మనోనిబ్బరం లేదు’ అని తమను తామే తిట్టుకోవడం.

నిజానికి తప్పంతా మనోనిబ్బరానిది కాదు. సగం కథ మనముంటున్న చోటులో ఉంది. మిగతా సగం మన ఒంట్లోనే ఉంది.

అన్న కంపెనీలో... తమ్ముడు పొలంలో!

ఈ చోటు సంగతి ఊరికే అనుకునే మాట కాదు. లెక్కగట్టి తేల్చిన విషయం. ఆ లెక్కలో మన రామచంద్రాపురానికీ భాగముంది.

2005-07 మధ్య మనదేశంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పల్లెల నుంచి వచ్చి కర్మాగారాల్లో స్థిరపడినవారి ఆరోగ్యం ఎలా మారుతోందన్నది అందులో ప్రశ్న. లక్నో, నాగ్‌పూర్, బెంగళూరులతోపాటు హైదరాబాద్‌ను ఎంచుకున్నారు. హైదరాబాద్ తరఫున తీసుకున్న కర్మాగారం బీహెచ్‌ఈఎల్. పరిశోధకులు చేసిన తెలివైన పని ఒకటుంది. ఉద్యోగులనూ వారి జీవిత భాగస్వాములనూ పరీక్షించి ఊరుకోలేదు. ఊళ్లోనే ఉండిపోయిన వారి అన్నదమ్ములనో అక్కచెల్లెళ్లనో కూడా పిలిపించి పరీక్షించారు. రక్తం ఒకటే, పెరిగిన ఇల్లు ఒకటే. తేడా అల్లా ఒకరు కంపెనీకి వచ్చారు, ఇంకొకరు ఊళ్లో ఉండిపోయారు!

మొత్తం ఆరున్నరవేల మంది పాల్గొన్న ఈ అధ్యయనం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. పల్లెలో ఉన్న మగవారిలో స్థూలకాయులు 19 శాతం. పల్లె నుంచి పట్నానికి వచ్చినవారిలో 37.8 శాతం! మొదటినుంచీ పట్నంలోనే ఉన్నవారిలో 41.9 శాతం. మధుమేహం పల్లెవాసుల్లో 6.2 శాతం ఉంటే, వలస వచ్చినవారిలో 14.3 శాతం. ఆడవారిలోనూ ఇదే ధోరణి. అంటే అన్నకూ తమ్ముడికీ మధ్య తేడా రెట్టింపు. అన్నకు మనోనిబ్బరం సగమే ఉందనుకుందామా? కాదుకదా! మారింది మనిషి కాదు, రోజు గడిచే తీరు.

అదే బృందం 2011లో మరో ముక్క చెప్పింది. పట్నానికి వచ్చిన తొలి ఏళ్లలోనే ఒంట్లో కొవ్వు గబగబా పెరుగుతుంది. రక్తపోటు, చక్కెర లాంటివి మాత్రం నిదానంగా, ఏళ్లమీద ముదురుతాయి. అంటే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వచ్చిన పొట్ట... అసలు బిల్లు నలభయ్యో ఏట పంపిస్తుందన్నమాట.

ఇప్పుడు ఈ సమస్య ఒక్క కంపెనీల ప్రాంతానికే పరిమితం కాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో పదిమందిలో ముగ్గురు అధిక బరువు ఉన్నవాళ్లే. ఆడామగా తేడా లేదు. ఇంతమంది ఉన్నచోట బరువు తగ్గించే పథకాలకు గిరాకీ లేకుండా ఎలా ఉంటుంది?

పథ్యాల జాతర

గత పాతికేళ్లలో తెలుగువాళ్లం చూసినన్ని ఆహార ఉద్యమాలు మరెవరూ చూసి ఉండరేమో! ఉప్పూ నూనే లేని ప్రకృతి ఆహారం అంటూ మంతెన సత్యనారాయణరాజు చెప్పినప్పుడు ఇళ్లకు ఇళ్లే చప్పిడి కూరలకు మారాయి. వారం రోజుల క్యాబేజీ సూపు పథ్యం ఆఫీసుల్లో జిరాక్సు కాగితాల రూపంలో చేతులు మారింది. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి వచ్చింది. అన్నం బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు! కిరాణా కొట్లలో కొబ్బరినూనె డబ్బాలకు ఎక్కడలేని డిమాండు వచ్చింది. ఆ తర్వాత ఖాదర్‌వలి మాటతో కొర్రలు, అరికెలు, సామలు ఇంటింటికీ చేరాయి. ఇప్పుడు పదహారు గంటల ఉపవాసాలు, ప్రొటీన్ పొడులు.

ఇందులో ఏది మంచిది, ఏది చెడ్డది అన్న వాదన పక్కనపెడదాం. కడుపులోకి వెళ్లే కెలోరీలు తగ్గిస్తే ఏ పద్ధతిలోనైనా మొదటి మూడునెలలూ బరువు తగ్గుతుంది. అందులో మహిమేమీ లేదు. తొలి పదిరోజుల్లో తూకం గబగబా పడిపోయేది కూడా చాలావరకు నీరే. అన్నం మానేస్తే కాలేయం, కండరాల్లో నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న నీరూ బయటికి పోతుంది. మళ్లీ నాలుగు ముద్దలు తినగానే ఆ నీరు వెనక్కొస్తుంది. ‘ఒక్కపూట పెళ్లిభోజనానికే రెండు కిలోలు పెరిగాను’ అని బెంబేలెత్తిపోయి పథ్యాన్ని గాలికొదిలేసేది ఇక్కడే!

అసలు పరీక్ష ఆర్నెల్ల తర్వాత మొదలవుతుంది.

ఒంటికి కరవు భయం

మన శరీరం ఎన్నో కరవులు చూసిన ముసలి రైతులాంటిది. గింజ తగ్గుతోందని తెలియగానే ఖర్చు తగ్గించేస్తుంది. మళ్లీ పంట చేతికొస్తే ముందు గాదె నింపుతుంది. మీరు కావాలని పథ్యం చేస్తున్నారో, నిజంగానే కరవొచ్చిందో దానికి తేడా తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45ల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 36మంది యువకులు అందుకు ముందుకొచ్చారు. ఆర్నెల్లపాటు వాళ్లకు అర్ధాకలి భోజనం పెట్టారు. అందరూ పావువంతు బరువు తగ్గిపోయారు. రోజంతా తిండి గురించే ఆలోచనలు. వంటల పుస్తకాలు తిరగేయడం, చిరాకు, నీరసం! ప్రయోగం ముగిశాక కడుపునిండా తినమంటే... ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్లలో కండ ఇంకా పూర్తిగా కోలుకోకముందే కొవ్వు మాత్రం మునుపటికన్నా ఎక్కువగా పేరుకుంది.

మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ఇంకో లోతైన సంగతి బయటపెట్టారు. 50మందికి పదివారాలపాటు చాలా తక్కువ కెలోరీల ఆహారమిచ్చారు. బరువు బాగానే తగ్గింది. ఆకలిని పెంచే హార్మోన్లు పెరిగాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గాయి. వింతేమిటంటే ఏడాది తర్వాత పరీక్షించినా అవి ఇంకా పాతస్థితికి రాలేదు. పథ్యం ఎప్పుడో అయిపోయింది... ఒళ్లు మాత్రం ఇంకా ‘ఆకలి, ఆకలి’ అంటూనే ఉంది!

అమెరికాలో బరువు తగ్గే పోటీ పెట్టిన టీవీ కార్యక్రమం ఒకటి చాలా పేరు తెచ్చుకుంది. అందులో పాల్గొన్న 14మందిని ఆరేళ్ల తర్వాత అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఫలితాలు 2016లో వచ్చాయి. పోటీలో వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకన్నా ఆశ్చర్యం... ఏ పనీ చేయకుండా కూర్చున్నా వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా ఉంది. అంటే సుమారు ఒకపూట భోజనం! పక్కవాడితో సమానంగా తిన్నా వీళ్లు మాత్రం లావవుతారు.

కాబట్టి ‘నేను ఏమీ తినకపోయినా పెరుగుతున్నాను’ అని ఎవరైనా అంటే వెంటనే నవ్వేయకండి. వాళ్లు ఎన్నిసార్లు కడుపు మాడ్చుకున్నారో ఒకసారి అడగండి.

పోయేది కండ... వచ్చేది కొవ్వు

పథ్యంలో పోయేదంతా కొవ్వే అనుకుంటే పొరబాటే. వ్యాయామం లేకుండా, పప్పూ గుడ్డూ పాలూ తగ్గించి చేసే పథ్యాల్లో తగ్గే ప్రతి నాలుగు కిలోల్లో దాదాపు ఒకటి కొవ్వు కానిదే. అందులో కండే ముఖ్యం.

లెక్క వేసి చూద్దాం. ఎనభై కిలోల మనిషి పది కిలోలు తగ్గాడు. ఏడున్నర కొవ్వు, రెండున్నర కండ పోయాయనుకోండి. ఏడాదిలో మళ్లీ పది పెరిగాడు. కూర్చుని పెరిగే బరువులో కొవ్వే ఎక్కువ. తూకం యంత్రం మీద అదే ఎనభై. ఒంట్లో మాత్రం కండ కాస్త తగ్గింది, కొవ్వు కాస్త పెరిగింది. ఇలా అయిదుసార్లు జరిగితే? అరవయ్యో ఏట మెట్లెక్కడానికి మోకాలు పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ లెక్క అర్థమవుతుంది. తిన్న చక్కెరలో ఎక్కువభాగాన్ని వాడుకునేది కండే. కండ తగ్గితే రక్తంలో చక్కెరకు వెళ్లే చోటు తగ్గిపోతుంది.

ఇది భారతీయులకు మరీ ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో తమ ఫొటోనే పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే... 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! చూడ్డానికి సన్నగానే ఉన్నా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అసలే పొదుపుగా ఉన్న ఆ కండను పథ్యం పేరుతో పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

చాలా వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుందన్నదీ వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న మాటే.

గుండె ఏమంటోంది?

ఇన్నిసార్లు తగ్గీ పెరిగీ ఉంటే గుండెకు చేటా? 2017లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ఈ ప్రశ్నను చూసింది. గుండె రక్తనాళాల జబ్బు ముందే ఉన్న 9,509మంది బరువులను ఏళ్లపాటు నమోదు చేశారు. బరువు అందరికన్నా ఎక్కువగా ఊగిసలాడినవారిలో, నిలకడగా ఉన్నవారితో పోలిస్తే గుండెకు సంబంధించిన ప్రమాదాలు 64 శాతం ఎక్కువ. కొత్తగా మధుమేహం బారినపడటం 78 శాతం ఎక్కువ.

కొరియాలో 67లక్షల మంది ఆరోగ్య పరీక్షల వివరాలను పరిశీలించి 2018లో మరో ఫలితం ప్రకటించారు. బరువు, రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్... ఈ నాలుగూ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య బాగా మారిపోతున్నవారిలో మరణాల ముప్పు, నాలుగూ నిలకడగా ఉన్నవారికన్నా రెట్టింపుకు మించి ఉంది.

అయితే ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బరువు ఊగిసలాట, జబ్బు రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాని వల్లే రెండోది వచ్చిందని తేల్చేయలేం. లోపల ఏదో జబ్బు ముదురుతున్నా బరువు పైకీ కిందికీ అవుతుంది. కావాలని తగ్గినవాళ్లనూ, జబ్బుచేసి తగ్గినవాళ్లనూ ఈ లెక్కలు పూర్తిగా వేరుచేయలేవు. అందుకే ‘పథ్యం చేస్తే గుండెపోటు వస్తుంది’ అని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. అదే సమయంలో ‘మళ్లీ పెరిగితే ఏమైంది, ఇంకోసారి మాడితే సరి’ అన్న ధీమా కూడా పనికిరాదు.

అయితే... తగ్గడం మానేద్దామా?

వద్దు! ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఒకసారి ఓడిపోయినవాళ్లకు ఇంతా చదివాక ‘ఇక వదిలేద్దాం’ అనిపించడం సహజం.

అమెరికాలో మధుమేహం అంచున ఉన్న మూడువేల పైచిలుకు మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఏడు శాతమంటే ఎనభై కిలోల మనిషికి అయిదున్నర కిలోలు. అంతే! ఇంకా బాగా చెప్పుకోవాల్సిన సంగతి తర్వాత జరిగింది. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లలో చాలామందికి తగ్గిన బరువు చాలావరకు తిరిగొచ్చింది. అయినా పదేళ్ల తర్వాత చూస్తే మధుమేహం ముప్పు 34 శాతం తక్కువగానే ఉంది. కాబట్టి తిరిగి పెరిగినా చేసిన శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరు కాదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెన్నైలో ఉంది. డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం 531మందితో చేసిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. నడక, తిండి మార్పులతో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషం ఏమిటో తెలుసా? వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనేలేదు! తూకం యంత్రంలో ముల్లు కదల్లేదు, లోపల మాత్రం మేలు జరిగింది.

తూకాన్నే దేవుణ్ని చేసుకున్నవాళ్లకు ఇది పెద్ద పాఠం. ముల్లు కదలడం లేదని మూడోవారంలో నడక మానేసేవాళ్లు నిజానికి మందు పనిచేస్తుండగానే సీసా పారేస్తున్నారు.

షిఫ్టుల ఇంట్లో కుదిరే పద్ధతి

పుస్తకాల్లో రాసే దినచర్య మన ప్రాంతానికి అతకదు. ఈ వారం పొద్దున షిఫ్టు, పై వారం రాత్రి షిఫ్టు అయితే ‘ఏడు గంటలకల్లా రాత్రి భోజనం’ ఎలా సాధ్యం? పైగా నిద్ర తగ్గితే పథ్యం కూడా దారి తప్పుతుంది. షికాగోలో 2010లో పదిమందితో ఒక చిన్న ప్రయోగం చేశారు. అందరికీ కెలోరీలు తగ్గించిన ఒకే ఆహారం. ఒక రెండువారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండువారాలు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. కానీ తక్కువ నిద్రపోయినప్పుడు కరిగిన కొవ్వు సగానికి సగం పడిపోయింది. ఆ మేరకు కండ పోయింది! కాబట్టి రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని పగలు పడుకోనివ్వడం ఇంటిల్లిపాదీ చేయాల్సిన వైద్యం. తలుపు దగ్గరగా వేసి, కిటికీకి మందపాటి కర్టెన్ కట్టి, టీవీ గొంతు తగ్గిస్తే చాలు.

రాత్రి షిఫ్టుకు వెళ్లేముందు ఇంట్లోనే కడుపునిండా తినాలి. అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే ఉడికించిన శనగలు, గుడ్డు, మజ్జిగ లాంటివి డబ్బాలో ఉంటే సమోసా, మిర్చిబజ్జీల వైపు చెయ్యి వెళ్లదు. నిద్రమత్తు వదలడానికి తాగే టీల్లోని చక్కెర లెక్కలోకి రాదనుకుంటాం. కప్పుకు రెండు చెంచాలు, షిఫ్టుకు అయిదు కప్పులు... పది చెంచాలు! దాన్ని సగం చేసినా పథ్యం మొదలుపెట్టినట్టే. పొద్దున డ్యూటీ దిగి హైవే పక్క టిఫిన్ బండి దగ్గర ఆగే అలవాటుంటే పూరీ బదులు ఇడ్లీ అడగండి.

ఇంట్లో నూనె సంగతి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదలచేసింది. రోజుకు రెండువేల కెలోరీలు తీసుకునే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలని అందులో ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు మూడుంపావు కిలోలు. మీ ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో ఖాళీ కవర్లు లెక్కపెట్టండి చాలు. పళ్లెంలో అన్నం కుప్ప తగ్గించి, పప్పూ కూరలూ పెంచమన్నదే ఆ మార్గదర్శకాల సారం. 85 గ్రాముల పప్పుధాన్యాలు, 250 గ్రాముల ధాన్యం, 300 మిల్లీలీటర్ల పాలు, 400 గ్రాముల కూరగాయలు ఆ పళ్లెంలో ఉండాలి. ఇందులో నిషేధాలేమీ లేవు. నిషేధం లేని పద్ధతే పదేళ్లు నిలబడుతుంది.

నడకతో పాటు వారానికి రెండుసార్లు కండకు పని చెప్పాలి. జిమ్ముకు డబ్బు కట్టనక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తి దించడం లాంటివి ఇంట్లో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ కూడా చేసుకోవచ్చు.

ముంగిట్లోనే జొన్న

పటాన్‌చెరులో 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్ పేరు ప్రపంచమంతా తెలుసు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి మెట్టపంటల మీద పరిశోధనలకు అది ప్రధానకేంద్రం. అదే జిల్లాలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1983 నుంచీ చిరుధాన్యాలను కాపాడుకొస్తున్నాయి. ఆ మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం కూడా వచ్చింది. ఇటు శాస్త్రవేత్తలు, అటు పాత విత్తనం దాచుకున్న రైతమ్మలు... మధ్యలో ఉన్న మనం మాత్రం పాలిష్ పట్టిన సన్నబియ్యానికి అలవాటుపడ్డాం!

చిరుధాన్యాల మీద జరిగిన 80 అధ్యయనాలను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి క్రోడీకరించి 2021లో ప్రకటించారు. మధుమేహం ఉన్నవారు వీటిని క్రమంతప్పకుండా తింటే పరగడుపు చక్కెర 12 శాతం, తిన్న తర్వాతి చక్కెర 15 శాతం తగ్గాయని తేలింది. అలాగని జొన్నరొట్టెకు బరువు కరిగించే మహత్యం అంటగట్టకండి. వందగ్రాముల జొన్నల్లోనూ, బియ్యంలోనూ కెలోరీలు దాదాపు సమానమే. తేడా పీచులో ఉంది. రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. అదే అన్నమైతే మూడోసారి వడ్డించుకున్నా తెలియదు. మన తాతలు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తిన్నది బరువు తగ్గడానికి కాదు, అది వాళ్ల రోజువారీ తిండి. అందుకే అది మధ్యలో మానేయాల్సిన పథ్యం కాలేదు.

సూదిమందు వచ్చిందిగా!

2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మనదేశపు మందుల దుకాణాల్లోకీ వచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఇవి ఆకలిని నిజంగానే తగ్గిస్తాయి, బరువూ బాగా తగ్గుతుంది. కానీ ఊగిసలాట సూత్రం వీటికీ వర్తిస్తుంది. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మందును ఆపేసినవారిని ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కాబట్టి ‘కూతురి పెళ్లిదాకా మూడునెలలు వేయించుకుంటా’ అనుకోవడం డబ్బు పెట్టి కొనుక్కునే ఊగిసలాట. ఎవరికి అవసరం, ఎంతకాలం వాడాలి అన్నది డాక్టరే తేల్చాలి. స్నేహితుడు వాడాడని మనమూ వాడే మందులు కావివి.

ఒక కాగితం... పదేళ్ల కథ

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. కంపెనీ వార్షిక వైద్య పరీక్షల కాగితాలో, పాత ఆసుపత్రి చీటీలో బీరువాలో ఎక్కడో ఉంటాయి. బయటికి తీసి గత పదేళ్లలో మీ బరువు ఎలా నడిచిందో వరసగా రాయండి. గీత పైకీ కిందికీ రంపపు పళ్లలా ఉందా? అయితే మీకు కావాల్సింది ఇంకో పథ్యం కాదు. ఈసారి తగ్గించడం కన్నా నిలపడం మీద దృష్టిపెట్టాలి. ఆర్నెల్లపాటు బరువు పెరగకుండా ఉంటే అదే తొలి విజయం. ఆ తర్వాత నెలకు కిలో, కిలోన్నర... తగ్గినచోట మళ్లీ కొన్నాళ్లు ఆగడం. ఆ కాగితాన్ని మీ డాక్టరుకూ చూపించండి. ఒక్కరోజు తూకం చెప్పని సంగతి ఆ గీత చెబుతుంది.

ఏ ప్రయత్నమూ చేయకుండానే కొద్దినెలల్లో బరువు బాగా తగ్గిపోతే సంతోషించకండి. వెంటనే పరీక్షలు చేయించుకోండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్, రక్తపోటు మందులు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా ఉపవాసాలు మొదలుపెట్టకూడదు. మందు మోతాదు పాతదే, తిండి సగమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా అంతే.

కొలత కావాలంటే టేపు తీసుకోండి. బొడ్డు దగ్గర చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదన్నది మనదేశ వైద్యులు పెట్టుకున్న హద్దు. బీఎంఐ 23 దాటితే జాగ్రత్తపడాలి, 25 దాటితే స్థూలకాయమే. తూకం మొండికేసినా నడుము రెండంగుళాలు తగ్గిందంటే, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదంటే, మూడునెలల చక్కెర సగటు దిగిందంటే... మీరు గెలుస్తున్నట్టే.

ఇంకో మాట. ఇంట్లో ఒకరు బరువు తగ్గాలనుకున్నప్పుడు వాళ్లకొక వంట, మిగతావాళ్లకొక వంట అయితే ఆ పథ్యం నెల దాటదు. ఎగతాళి చేస్తే అసలే దాటదు. పళ్లెం అందరికీ ఒకటే కావాలి. సాయంత్రం నడకకు ఇద్దరూ కలిసి బయల్దేరాలి. రామచంద్రాపురం అన్నకూ ఊళ్లో తమ్ముడికీ మధ్య రెట్టింపు తేడా తెచ్చింది రోజూ చేసే చిన్నచిన్న పనులే. ఆ తేడాను తగ్గించేవీ అవే. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అన్నారా!